పండంత సంబంధం

నూజివీడు మామిడి తోటల్లో పడవ ఉందంటే ఎవరైనా ముందు నవ్వుతారు, ఆ తర్వాత ఎక్కడుందని అడుగుతారు. మనోజ్ఞ నవ్వకుండానే అడిగింది. అందుకే గేటు దగ్గర కాయలు ఏరుతున్న ఆడవాళ్ళు ఆమెను కొంచెం అనుమానంగా చూశారు.

"పడవా? అదుగో, ఆ రేకుల షెడ్డులో. పొద్దస్తమానం కిష్ణబాబు అందులోనే ఉంటాడు. నీళ్ళెప్పుడొస్తాయో మరి!" అంది ఒకామె. మిగతావాళ్ళు కిసుక్కుమన్నారు.

మనోజ్ఞ స్కూటీకి స్టాండు వేసి, హెల్మెట్ తీసి, సంచి భుజానికి తగిలించుకుని నడిచింది. మే నెల ఎండ మాడ్చేస్తోంది. రెండు పక్కలా చిన్న రసాల చెట్లు కాపు బరువుకి కొమ్మలు నేలకి ఆనించేశాయి. ఆ చెట్ల మధ్య, కాయలు ప్యాక్ చేసే షెడ్డులో, ఇటుక దిమ్మెల మీద తెల్లరంగు వేసిన పెద్ద పడవ కూర్చుని ఉంది. కిటికీలకి నీలం కర్టెన్లు కూడా కట్టేశారు.

షెడ్డు ముందున్న అబ్బాయి ఆమెను చూసి చెయ్యి ఊపాడు.

"కాయల కోసమాండీ? ఎక్స్‌పోర్ట్ సరుకు అవతలి షెడ్డులో ఉంది. ఇటు కాదు."

"పడవ చూడ్డానికొచ్చానండీ."

"చూడండి, చూడండి. ఫొటో కావాలంటే ముందువైపు నుంచి తీసుకోండి, బాగా వస్తుంది. రోజూ ఎవరో ఒకళ్ళు వస్తూనే ఉంటారు."

"ఫొటోలు నేనూ తీస్తాను. కానీ గ్యాస్ సిలిండర్‌వి," అంది మనోజ్ఞ మెళ్ళో ఐడీ కార్డు ముందుకు తిప్పుతూ. "నిన్న ఆఫీసు నుంచి ఫోన్ చేశాంగా. వంటగది గ్యాస్ పరీక్ష."

ఆ అబ్బాయే కృష్ణకాంత్. ఊపిన చెయ్యి దించి కార్డు వంక చూశాడు. పడవలు పరీక్ష చేసే మనిషంటే బట్టతల, కళ్ళజోడు, కాస్త దగ్గు ఉంటాయని అతనెందుకు అనుకున్నాడో అతనికే తెలియదు. చెదిరిన జుట్టు చెవి వెనక్కి నెట్టుకుంటూ, చెమట తుడుచుకుంటూ ఇలా ఒక అమ్మాయి వస్తుందని మాత్రం అనుకోలేదు.

అతనిది మూడు తరాలుగా మామిడి కుటుంబం. కాయ ఇంకా చెట్టు మీద ఉండగానే బేరమైపోయి, లారీ ఎక్కి ఎక్కడికో వెళ్ళిపోవడం అతనికి చిన్నప్పటి నుంచీ నచ్చదు. తినేవాడి మొహం చూడని పంట ఏం పంట అంటాడు. అందుకే ఈ భోజనాల పడవ. కృష్ణానదిలో షికారు, మధ్యలో వేడివేడిగా మామిడికాయ పప్పు, పులిహోర, చివర్లో చల్లటి చిన్న రసం. వంటంతా వాళ్ళమ్మ పుష్పవతి చేతి మీద. పాత పడవ ఒకటి కొని, లారీ మీద తోటకే తెచ్చి, కళ్ళెదురుగా బాగు చేయించుకున్నాడు. నీళ్ళూ పర్మిషనూ తప్ప దానికి అన్నీ ఉన్నాయి.

మైలవరం మీదుగా వెళ్తే కృష్ణలో నీళ్ళు దొరుకుతాయి. పర్మిషన్‌కి మాత్రం మనోజ్ఞ సరేననాలి. జనం ఎక్కే పడవలో గ్యాస్ పొయ్యి ఉంటే, ఆ గ్యాస్ అమరిక రూలు ప్రకారం ఉందని తేలేదాకా పడవ కదలకూడదు. ఏడాదికోసారి మళ్ళీ చూపించుకోవాలి. కృష్ణకాంత్‌కి ఏడాది సంగతి తర్వాత, ముందు ఈ నెల గట్టెక్కాలి. తొలకరి చినుకు పడిందంటే రసాలకి రుచి పోతుందని ఇక్కడ ప్రతివాళ్ళూ అంటారు. ఆలోపు పడవ నీళ్ళలో దిగకపోతే ఈ కాపు పోయినట్టే.

మనోజ్ఞ నిచ్చెన ఎక్కి పడవలో కాలు పెట్టి, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని నవ్వింది.

"ఏంటండీ?"

"హాయిగా ఉంది. ఊగట్లేదు. నాకు పడవెక్కితే కళ్ళు తిరుగుతాయి."

"పడవల ఇన్‌స్పెక్టర్‌కా!"

"అందరికీ చెప్పకండి. మాది ఉంగుటూరు. వరిచేలో మోకాలి లోతు నీళ్ళే మాకు సముద్రం. సిలిండర్ ఎక్కడ?"

ఆ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నవాడిలా కృష్ణకాంత్ వంటగదిలోకి దారి తీశాడు. పొయ్యి పక్కనే, నేలకి ఆనించి, ఇనప రేకుతో చేసిన పెద్ద పెట్టె ఉంది. మూత చుట్టూ రబ్బరు పట్టీ, మూలమూలకీ పుట్టీ. దాన్ని చేసింది యలమంద. కృష్ణకాంత్ వాళ్ళింట్లో కాయలు మగ్గబెట్టే గదులన్నీ ఇరవై ఏళ్ళుగా అతని చేతి పనే. అతను కూడా వచ్చి గర్వంగా నిలబడ్డాడు.

"ఊపిరి కూడా బయటికి పోదండీ. కాయలు మగ్గే గది ఎంత బిగువుగా ఉంటుందో ఇదీ అంతే," అన్నాడు కృష్ణకాంత్ పెట్టెని తట్టి.

మనోజ్ఞ ఆ పెట్టె చుట్టూ తిరిగింది. మూత ఎత్తి చూసింది, వేలితో పుట్టీని గీరింది. ఆ తర్వాత మెల్లిగా అంది.

"చాలా బాగా చేశారు. కానీ చెయ్యాల్సినదానికి సరిగ్గా తిరగేసి చేశారు."

"అదేంటమ్మా? గ్యాస్ పోకూడదనేగా బిగించింది!" యలమంద మొహం చిన్నబోయింది.

"పోవాలి బాబాయ్. లీకైన గ్యాస్ పడవ బయటికి పోవాలి. ఒక బిందెడు నీళ్ళు తెస్తారా?"

నీళ్ళొచ్చాయి. ఆమె వాటిని పెట్టెలో పోసి మూత వేసింది. కాసేపు ఏమీ జరగలేదు. యలమంద "చూశారా" అన్నట్టు తలెగరేశాడు. అంతలో పొయ్యికి పైపు వెళ్ళే చోట, పుట్టీ పక్క నుంచి సన్నటి నీటిగీత బయల్దేరింది. అది పొయ్యి ముందున్న చెక్కల సందులోంచి కిందికి దిగిపోయింది. మనోజ్ఞ ఒక చెక్క ఎత్తి చూపించింది. పడవ అడుగున నీళ్ళు చేరి మెరుస్తున్నాయి.

"ఇది నీళ్ళు కాబట్టి కనబడింది," అంది. "వంటగ్యాస్ గాలికంటే బరువు. నీళ్ళు ఎటు పోతాయో అదీ అటే పోతుంది. ఇంట్లో అయితే తలుపు తీస్తాం, గడప మీదుగా బయటికి పోతుంది. పడవకి గడపేదండీ? పడవంటే ఒక పెద్ద గిన్నె. బయట నీళ్ళు లోపలికి రాకుండా చేసిన గిన్నెలోంచి లోపలిది కూడా బయటికి పోలేదు. అడుగున అలా చేరుతూనే ఉంటుంది. ఇంతకీ ఆ చెక్క మీద నిలబడి వండేదెవరు?"

కృష్ణకాంత్ ఆ చెక్క వంక చూశాడు. అమ్మకి చల్లగా ఉంటుందని ఏరి కోరి వేయించిన టేకు చెక్క అది.

"మా అమ్మ," అన్నాడు.

బయట చెట్టు మీంచి కాయ ఒకటి రాలిన చప్పుడు వినబడింది.

"పెట్టె వంటగదిలోంచి తీసేసి డెక్కు మీద పెట్టండి. అడుగున రంధ్రం ఉండాలి. ఆ గొట్టం నదిలోకి తెరుచుకోవాలి. పొయ్యి మంట ఆరిపోతే గ్యాస్ దానంతటదే ఆగాలి. చెక్క కింద గ్యాస్ అలారం పెట్టాలి. గాలి వచ్చే కిటికీలు పైనా కిందా ఉండాలి. రబ్బరు ట్యూబు పొట్టిగా, క్లిప్పులు కొత్తవి," అని చెప్తూ పోయింది మనోజ్ఞ. "ఇవన్నీ అయ్యాక పిలవండి. అప్పటిదాకా పాస్ చెయ్యలేను, సారీ."

కృష్ణకాంత్‌కి కోపం రావాలి. వచ్చింది కూడా, కానీ అది ఆమె మీద కాదు.

గేటు దగ్గర ఇంకో పరీక్ష ఎదురైంది. నాయనమ్మ వెంకాయమ్మ బుట్టతో నిలబడి ఉంది. ఎండుగడ్డి పరిచి, పైన చిన్న రసాలు పేర్చిన బుట్ట. కాపు కాలంలో ఆ గేటు దాటిన మనిషి ఎవరైనా సరే, కరెంటు బిల్లు వాడైనా, పిల్లనడగడానికి వచ్చిన వాడైనా, ఒట్టి చేతులతో వెళ్ళడం ఆవిడ ఎరగదు.

"తీసుకెళ్ళమ్మాయ్. రెండ్రోజులాగి తిను, పాకం వస్తుంది."

"వద్దండీ, ఏమీ అనుకోకండి. తీసుకోకూడదు," అంది మనోజ్ఞ.

"ఇదేమన్నా లంచమా తల్లీ? పండు!"

"పరీక్ష చేసేవాళ్ళకీ పడవవాళ్ళకీ ఏ సంబంధమూ ఉండకూడదండీ. పండంత సంబంధం కూడా. ఉంటే తప్పుకోవాలి. రూలు."

వెంకాయమ్మ మొహం మాడిపోయింది. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. గుమ్మం దాటిన బుట్ట మళ్ళీ లోపలికి రాకూడదు. అందుకని స్కూటీ మలుపు తిరగ్గానే ఆవిడ గట్టిగా పిలిచింది. "ఒరేయ్ యలమందా! ఈ బుట్ట మీ ఇంటికి పట్టుకుపో."

యలమందకి పెట్టె విషయంలో జరిగిన అవమానం అక్కడితో సగం తగ్గింది.

ఆ మర్నాటి నుంచి కృష్ణకాంత్ ఫోన్ నిండా పైపుల ఫొటోలే.

"మేడమ్, ఈ క్లిప్పు సరిపోతుందా?"

"సరిపోదు. వెడల్పాటిది."

"ఇదీ?"

"ఓకే."

"రంధ్రం ఇంత చాలా?"

"పక్కన ఏదన్నా పెట్టి తీయండి, సైజు తెలియట్లేదు."

అతను పక్కన చిన్న రసం పెట్టి తీశాడు. చాలాసేపటి తర్వాత జవాబొచ్చింది. "రూల్ బుక్కులో మామిడికాయ కొలత లేదండీ." దాని చివర నవ్వుతున్న బొమ్మ ఉంది. ఒక క్షణానికే ఆ బొమ్మని తీసేసింది. కానీ అప్పటికే అతను చూసేశాడు.

నిజం చెప్పాలంటే, అడగాల్సిన వాటితో పాటు అడగక్కర్లేనివీ అతను అడుగుతున్నాడు. పడవ కిటికీ కొక్కేనికీ గ్యాసుకీ ఏం సంబంధం? అయినా ఫొటో పంపేవాడు. ఆమె కూడా "ఇది నా పరిధి కాదు" అని ఓపిగ్గా రాసేది. ప్రేమ మొదలైన కొత్తలో మనుషులు పువ్వులూ పాటలూ పంపుకుంటారంటారు. వీళ్ళు వాషర్లు పంపుకున్నారు.

ఒకరోజు అతను రెగ్యులేటర్ ఫొటో పంపాడు. పట్టుకున్న చేతి బొటనవేలికి పెద్ద కట్టు ఉంది.

"వేలికి ఏమైంది?" అని వెంటనే వచ్చింది.

అతను రాయబోయేలోగా ఇంకోటి. "సారీ. అది పడవకి సంబంధించిన ప్రశ్న కాదు. మర్చిపోండి."

ఎలా మర్చిపోతాడు? ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. పుష్పవతి విస్తుపోయి, "ఏరా, పడవ పాసైందా?" అని అడిగింది.

జూన్ మొదటివారంలో మనోజ్ఞ రెండోసారి వచ్చింది. ఆకాశంలో అక్కడక్కడా మబ్బులు తేలుతున్నాయి. రెండ్రోజుల్లో వానలని ఫోన్లు చెప్తున్నాయి. మర్నాడు పొద్దున్నే పడవని ఎక్కించుకోవడానికి లారీ కూడా మాట్లాడి పెట్టాడు కృష్ణకాంత్.

డెక్కు మీద కొత్త పెట్టె చూసి ఆమె తల ఊపింది. బిందెడు నీళ్ళు పోస్తే గొట్టంలోంచి జారి షెడ్డు నేల మీద పడ్డాయి. యలమంద ఆ నీళ్ళను సొంత బిడ్డని చూసినట్టు చూశాడు. సబ్బు నురగ పూసిన జాయింట్ల దగ్గర ఒక్క బుడగ లేవలేదు. అలారం మోగింది, మంట ఆరితే గ్యాస్ ఆగింది.

చివర్లో ఆమె గాలి కిటికీల దగ్గర నిలబడిపోయింది.

"వీటికి తలుపులెందుకు?"

"వాన జల్లు కొడుతుందిగా. జరిపితే మూసుకుంటాయి, చూడండి ఎంత నున్నగా ఉన్నాయో!"

"మూసుకోకూడదండీ. గ్యాస్ ఉన్న గదిలో గాలి కిటికీ ఎప్పుడూ తెరిచే ఉండాలి. మూసే వీలే ఉండకూడదు. ఇవి తీసేసి, బయట జల్లు పడకుండా చూరు లాంటిది కట్టించండి."

"దానికి మళ్ళీ నాలుగు రోజులు పడుతుంది."

"పట్టనివ్వండి."

"మనోజ్ఞ గారూ, రేపు లారీ వస్తోంది. తొలకరి నెత్తి మీదుంది. అన్నీ బాగున్నాయని మీరే అన్నారు. ఈ ఒక్కటీ చూసీ చూడనట్టు వదిలెయ్యండి. వాటిని మూయనని మాటిస్తున్నా. మనలో మనకి రూల్సేంటండీ?"

మనోజ్ఞ అతని వైపు తిరిగింది. "మనలో అంటే?"

అతనికి జవాబు తెలుసు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ సాయం అడుగుతూ చెప్పే మాట కాదది. తల దించుకున్నాడు.

"మీరు మాటిస్తారు, సరే," అంది ఆమె. "వానొస్తే ఆ తలుపు మూసేది మీరు కాదు. పప్పు డబ్బా తడిసిపోతోందని మీ అమ్మగారు మూస్తారు. ఆవిడ తప్పు కాదది. ఎవరైనా మూస్తారు."

సంచి సర్దుకుని వెళ్ళిపోయింది. గేటు దగ్గర వెంకాయమ్మ పంతం కొద్దీ మళ్ళీ బుట్టతో నిలబడింది. మనోజ్ఞ ఆవిడకి దణ్ణం పెట్టి, బుట్ట వైపు చూడకుండా స్కూటీ ఎక్కింది. బుట్ట యలమంద ఇంటికి వెళ్ళింది.

కృష్ణకాంత్ చాలాసేపు పడవలో ఒంటరిగా కూర్చున్నాడు. లారీవాడికి ఫోన్ చేసి రావద్దన్నాడు. స్క్రూడ్రైవర్ తీసుకుని తలుపులు ఒక్కొక్కటీ ఊడదీశాడు. పని మధ్యలో అమ్మ టీ తెచ్చి ఆ టేకు చెక్క మీదే నిలబడి, "ఇక్కడ బాగుందిరా, గాలి తగులుతోంది," అంది. సిగ్గుతో అతను ఆవిడ మొహం చూడలేకపోయాడు.

బయట రేకుతో చూర్లు కట్టించాడు. ఫొటో తీసి పంపాడు. ఈసారి పక్కన మామిడికాయ పెట్టలేదు. "తీసేశాను. నేనలా అడగాల్సింది కాదు," అని రాశాడు.

చూసినట్టు గుర్తు పడింది. జవాబు రాలేదు.

ఫోన్లు చెప్పిన వాన ఇంకా రాకముందే, వారం తిరిగేసరికి ఆఫీసు మనిషి వచ్చాడు. బట్టతల, కళ్ళజోడు, కాస్త దగ్గు. కృష్ణకాంత్ మొదట్లో ఊహించుకున్న మనిషి అచ్చుగుద్దినట్టు దిగాడు. పేరు ప్రేమ్‌చంద్.

"మనోజ్ఞ గారు రాలేదేంటండీ?"

"ఆ అమ్మాయి ఈ పడవ తనకొద్దని చెప్పేసింది బాబూ. ఎందుకమ్మా అంటే నేల చూపులు చూసింది. పెద్దవాణ్ణి, మళ్ళీ ఏం అడుగుతాను? నిచ్చెన గట్టిదేనా?"

ఆయన చాదస్తం అంతా ఇంతా కాదు. పైపుకి గేజి తగిలించి, ముల్లు కదులుతుందేమోనని రెప్ప వెయ్యకుండా కూర్చున్నాడు. అది కదల్లేదు. పెట్టెలో తనే నీళ్ళు పోసుకున్నాడు. గాలి కిటికీలో చెయ్యి పెట్టి, అక్కడ స్క్రూలు పీకిన గుంటలు తడిమి, "తలుపులుండేవా?" అని అడిగి, "తీసేశావు, మంచి పని," అన్నాడు. చివరికి దగ్గి, కళ్ళజోడు సర్దుకుని, పాసన్నాడు. వెంకాయమ్మ బుట్ట తెస్తే ఆయన కూడా రెండు చేతులూ జోడించాడు. "ఏ సంబంధమూ ఉండకూడదమ్మా. నియమం."

పర్మిషన్ వచ్చింది. యలమంద ఈలవేశాడు. పుష్పవతి పాయసం పెట్టింది. కృష్ణకాంత్ మాత్రం పడవలోకి వెళ్ళి కూర్చున్నాడు. అతను ఏం పోగొట్టుకున్నాడో ఆ ఇంట్లో ఒక్కరికే అర్థమైంది.

నిచ్చెన కిర్రుమంది. వెంకాయమ్మ మోకాళ్ళు పట్టుకుంటూ, జీవితంలో మొదటిసారి పడవెక్కింది.

"నాయనమ్మా! పడతావ్!"

"పడితే నేల మీదేగా, మునిగిపోనులే," అంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది. "ఏమన్నావురా ఆ పిల్లని?"

అతను దాచకుండా చెప్పాడు. "అసహ్యం వేసుంటుంది నాయనమ్మా. అందుకే తప్పుకుంది."

"అసహ్యం వేసిన మనిషి తప్పుకోదురా. ఇంకో నాలుగు తప్పులు పట్టి నిన్ను ముప్పతిప్పలు పెడుతుంది." ఆవిడ పైట చెంగుతో మొహం తుడుచుకుంది. "మొదటి రోజు నాకేం చెప్పిందో గుర్తుందా? నాకు ఒళ్ళు మండి మాటమాటా గుర్తుంది. పండంత సంబంధం కూడా ఉండకూడదు అంది. ఉంటే ఏం చెయ్యాలంది?"

"తప్పుకోవాలంది."

"మరి తప్పుకుందిగా!"

కృష్ణకాంత్ గబుక్కున లేచాడు. "బుట్ట సర్దు నాయనమ్మా, ఉంగుటూరు వెళ్ళొస్తా."

"కూర్చో. అదేమన్నా కాయల బేరమా? ఊరందరికీ బుట్టలు పనివాళ్ళ నెత్తిన వెళ్తాయి. మనింటి మగపిల్లాడు తనే బుట్ట మోసుకెళ్ళేది ఒక్క గుమ్మానికే. మీ తాత మా ఇంటికి మోసుకొచ్చాడు. అది అడిగాక మొయ్యాల్సిన బుట్ట. ముందు ఒక్క పండు తీసుకెళ్ళి ఆ పిల్లని అడుగు."

అతను ఫోన్ తీసి చాలాసేపు ఆలోచించి రాశాడు. "పడవకి సంబంధించని మాట ఒకటుంది. ఎక్కడ చెప్పమంటారు?"

ఈసారి జవాబొచ్చింది. "హనుమాన్ జంక్షన్. బస్టాండు పక్క టీ కొట్టు. డ్యూటీ అయ్యాక."

అతను వెళ్ళేసరికి ఆమె టార్పాలిన్ కింద బెంచీ మీద కూర్చుని ఉంది. హైవే మీద లారీలు దుమ్ము లేపుతూ పోతున్నాయి. పడమటి వైపు మబ్బు నల్లగా దిగింది.

"వేలు ఎలా ఉంది?" అంది ముందుగా.

"మానిపోయింది."

"ప్రేమ్‌చంద్ గారు పాస్ చేశారటగా. కంగ్రాట్స్."

"మీరెందుకు రాలేదు?"

మనోజ్ఞ గ్లాసులో టీని తిప్పుతూ కూర్చుంది. 

"ఆ రోజు మీరు 'మనలో' అన్నారు చూడండి. ఇంటికెళ్ళేదాకా అదే మాట చెవుల్లో. కోపం రావాలి కదా, రాలేదు. వదిలేస్తే ఏం పోయింది, తలుపులేగా అనిపించింది. ఒక్క నిమిషమే, కానీ నిజంగా అనిపించింది. అప్పుడు చాలా భయం వేసింది. అక్కడ నిలబడేది మీ అమ్మగారు. నాకు నచ్చిన మనిషి అడిగాడని నేను..."

గ్లాసు బెంచీ మీద పెట్టేసింది.

"ఎవరు అడిగాడని?" అన్నాడు కృష్ణకాంత్.

"వినబడిందిగా. మళ్ళీ చెప్పించకండి."

టీ కొట్టతను బన్నులు సర్దుతూ రేడియో గొంతు తగ్గించాడు. కృష్ణకాంత్ అదేమీ చూడలేదు.

"అడగకూడనిది అడిగాను," అన్నాడు.

"అడిగారు. కానీ ఊడదీసి ఫొటో పంపారు. అది చూసి ఏడుపొచ్చింది నాకు. వెంటిలేటర్ ఫొటో చూసి ఏడ్చే ఇన్‌స్పెక్టర్ ఆ పడవనేం చూస్తుందండీ? మర్నాడే వెళ్ళి నాకొద్దన్నాను. మీకు జవాబు రాస్తే అదీ సంబంధమే అవుతుందని రాయలేదు. పాసయ్యేదాకా ఆగాను."

టార్పాలిన్ మీద టపటపమని చినుకులు మొదలయ్యాయి. ఎండకి కాలిన మట్టి వాసన లేచింది. రోడ్డు మీద జనం పరుగులు తీశారు. కృష్ణకాంత్ జేబు రుమాల్లోంచి చిన్న రసం ఒకటి తీసి ఆమె ముందు పెట్టాడు.

"తొలకరి," అంది మనోజ్ఞ బయటికి చూస్తూ. "ఇంక రసాలకి రుచి ఉండదుగా. మీ కాపంతా పోయింది, నా వల్ల."

"ఇది నిన్న కోసింది, దీనికి రుచి పోలేదు. పడవ వచ్చే కాపుకి దిగుతుంది. ఏడాదేగా." అతను కొంచెం తడబడి మళ్ళీ అన్నాడు. "మనలో అంటే ఏంటని అడిగారు. మీరూ నేనూ అని. ఆ రోజే చెప్పాల్సింది, కానీ సాయం అడుగుతూ చెప్తే అది ప్రేమవదు. ఇప్పుడు మిమ్మల్ని అడగాల్సిన సాయం ఏదీ లేదు. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆమె పండు చేతిలోకి తీసుకుంది. మెత్తగా నలిపి, తొడిమ తీసి, జీడి పిండేసి, నోట పెట్టుకుంది. రసం మణికట్టు దాకా కారింది. కళ్ళు కూడా ఎందుకో తడిశాయి. సగం తిన్నాక తలెత్తింది.

"వచ్చే ఏడాది మీ పడవకి మళ్ళీ పరీక్ష ఉంటుంది."

"మీరొస్తారా?"

"రాను."

"ఆ పై ఏడాది?"

"రాను. మీ పడవని ఈ జన్మలో నేను పరీక్ష చెయ్యను కృష్ణకాంత్ గారూ."

ఉద్యోగాన్ని ప్రాణంగా చూసుకునే ఆడపిల్ల అంతకంటే పెద్ద మాట ఏం చెప్తుంది? కృష్ణకాంత్‌కి గుండె నిండిపోయింది. రుమాలు చాపాడు. ఆమె చేతులు తుడుచుకోకుండా ముందు టెంక పూర్తి చేసింది.

ఆదివారం పొద్దున్న ఉంగుటూరులో బస్సు దిగి, బుట్ట భుజాన పెట్టుకుని, తడిసిన వీధిలో నడుస్తున్న అబ్బాయిని జనం ఆగి మరీ చూశారు. మనోజ్ఞ తండ్రి అప్పారావు నారుమడి నుంచి అప్పుడే వచ్చి, బురద కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"నువ్వేనా పడవబ్బాయివి? మీ ఇంటి పండు ముట్టుకోకూడదని మా అమ్మాయి చెప్పిందే," అన్నాడు.

"అది అప్పుడండీ."

ఆయన గుమ్మంలో నిలబడ్డ కూతురి వంక చూశాడు. ఆమె ద్వారబంధం మీద లేని దుమ్ము తుడుస్తోంది. ఆయన చెంబు కింద పెట్టి, భార్యని కేకేశాడు. "సత్యవతీ, బుట్ట అందుకో. బాబూ, బయట నిలబడ్డావేంటి, లోపలికి రా."

వాళ్ళు కాఫీలు తాగుతుండగానే నాయనమ్మ ఫోన్.

"ఏమైందిరా? బుట్ట ఎక్కడుంది?"

"లోపలికెళ్ళింది నాయనమ్మా."

ఫోన్ దించకుండానే ఆవిడ తోటంతా వినబడేలా పెట్టిన కేక ఉంగుటూరులో మనోజ్ఞకి కూడా వినబడింది.

"ఒరేయ్ యలమందా! ఇవాళ నీకు బుట్ట లేదు!"